బొమ్మ పడే వేళ

చిరంజీవులు మనవలకీ మనవరాళ్ళకీ తాతయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేము క్షేమం. మీరంతా క్షేమమని తలుస్తాను. ఈ ఉత్తరం మీ అందరికీ రాస్తున్నా, ముఖ్యంగా మా చిట్టితల్లి కోసం.

మొన్న సంక్రాంతికి అందరూ వచ్చారు కదా. భోగి నాడు సాయంత్రం చిట్టితల్లి వరండాలో మంచం మీద కూర్చుని ఫోన్‌లో సినిమా చూస్తోంది. నేను వెనక పడక్కుర్చీలో ఉన్నాను. ఫోన్‌లో ఒక ముసలాయన, బొమ్మే, మనిషి కాదు. కొడుకు సమాధి పక్కన ఉన్న చెట్టుని, ఉరుములూ మెరుపుల్లో, తాగిన మైకంలో గొడ్డలితో నరుకుతున్నాడు. ఏడుస్తూ నరుకుతున్నాడు. నేను ముందుకి వంగి చూస్తున్నాను. ఇంతలో బాబాయి అటుగా వచ్చి, "పదో తరగతికొచ్చావు, ఇంకా ఈ బొమ్మలేంటే, చిన్నపిల్లలా?" అన్నాడు. మగపిల్లలు పక్కున నవ్వారు. చిట్టితల్లి ఫోన్ బోర్లా పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు నేనేమీ అనలేదు. అనాల్సింది. బాబాయి మంచివాడే, అందరూ అనే మాటే తనూ అన్నాడు. కానీ ఆ మాట ఎక్కడినుంచి పుట్టిందో తెలుసుకోవాలనిపించి ఈ రెండు నెలలూ దొరికింది చదివాను, యూట్యూబ్‌లో పాత చిత్రాలు వెతికి చూశాను. తెలిసింది చెప్తాను, వినండి.

నేను ముప్పై ఏళ్ళు మన ఊరి సినిమా హాల్లో ఆపరేటర్‌ని. రీలు తెగినప్పుడల్లా అతికించడం నా పని. అతికేటప్పుడు ఒకటి రెండు ఫ్రేములు కత్తిరించాల్సి వచ్చేది. వాటిని దీపానికి ఎదురుగా పట్టుకుని చూసేవాణ్ణి. అన్నగారు గద ఎత్తారంటే ఎత్తే ఉండేవారు. కదలరు. అడుగు రీల్లో 16 ఫ్రేములు, తెర మీద సెకనుకి 24 పోతాయి. అన్నీ కదలని బొమ్మలే, వరసగా పోతే మన కంటికి కదిలినట్టు ఉంటుంది. ఆ బొమ్మ కెమెరాతో తీసినదా, చేత్తో గీసినదా అన్నది ప్రొజెక్టర్‌కి తెలియదు. దానికి రెండూ ఒకటే.

మనవాళ్ళు ఈ సంగతి ఏనాడో పట్టుకున్నారు. హాలు బయట "బొమ్మ పడిందా?" అనే అడిగేవాళ్ళు. "బొమ్మ బావుందిరా", "బొమ్మ ఆడలేదురా" అనేవాళ్ళు. ఏ సినిమా అయినా సరే, బొమ్మే. మా చిన్నప్పుడు ఊళ్ళో తెల్లవార్లూ తోలుబొమ్మలాట ఆడితే, ముందు కూర్చున్న పిల్లలు లంకాదహనం దాకా ఆగలేక చాపల మీదే నిద్రపోయేవాళ్ళు. పెద్దవాళ్ళు తెల్లారేదాకా కూర్చునేవాళ్ళు. బొమ్మలాట పిల్లలదని ఎవరూ అనలేదు.

మరి అమెరికాలో, ఇంగ్లండులో గీసిన బొమ్మల సినిమా అనగానే పిల్లలదే అన్న మాట ఎలా వచ్చింది?

మొదట్లో అక్కడా అలా లేదు. 1915 మే నెలలో లూసిటానియా అనే ప్రయాణికుల ఓడని జర్మన్ జలాంతర్గామి టార్పెడోతో ముంచేసింది. సుమారు 1200 మంది పోయారు. ఆ సమయంలో అక్కడ కెమెరా లేదు, ఒక్క ఫొటో కూడా లేదు. విన్సర్ మెకే అని పత్రికలకి బొమ్మలు వేసే ఆయన ఉండేవాడు. ఆ ఓడ మునగడాన్ని తాను గీసి చూపిస్తానని కూర్చున్నాడు. దాదాపు రెండేళ్ళు పట్టింది. ఒక్కొక్కటిగా 25 వేల బొమ్మలదాకా గీశారంటారు. 1918లో విడుదలైంది, పన్నెండు నిమిషాలుంటుంది.

అది నేను ఫోన్‌లో చూశాను. నల్లటి సముద్రం, ఓడ నెమ్మదిగా ఒరుగుతుంది. పొగ గొట్టాల నుంచి పొగ అలా వస్తూనే ఉంటుంది. పక్కలనుంచి చిన్న చిన్న నలకల్లా ఏవో జారుతుంటాయి. నలకలనుకున్నవి మనుషులని మనకి కాసేపటికి గానీ తెలియదు. చివర్లో నీళ్ళలో ఒక తల్లి, బిడ్డని పైకెత్తి పట్టుకుంటుంది, బిడ్డ ఊపిరి ఆడాలని. తాను మునిగిపోతుంది. అంతే. నేను ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు అలా కూర్చున్నాను. నూరేళ్ళ కిందటి గీతలు అవి. పిల్లల కోసం గీసినవి కావు. యుద్ధం మీద పెద్దవాళ్ళ గుండె మండాలని గీసినవి.

ఆ తర్వాత కూడా ఆ దేశంలో ఈ బొమ్మలు హాల్లో, పెద్ద సినిమాకి ముందు ఆడేవి. నాకిది బాగా అర్థమవుతుంది. మా హాల్లో కూడా అసలు సినిమాకి ముందు ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళ న్యూస్‌రీలు వేసేవాళ్ళం, అది తప్పనిసరి. వాటిలో అప్పుడప్పుడు కుటుంబ నియంత్రణ గురించి గీసిన చిత్రాలు కూడా వచ్చేవి. నేల టికెట్ నుంచి బాల్కనీ దాకా పెద్దవాళ్ళే చూసేవాళ్ళు, చూసి నవ్వేవాళ్ళు. అమెరికాలో టామ్ అండ్ జెర్రీ కూడా అలా హాల్లో జనమందరి కోసం తీసిందే. బెట్టీ బూప్ అని ఒక బొమ్మ అమ్మాయి ఉండేది. 1934లో అక్కడి సినిమాలకి నీతి నియమాలు గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టాక, ఆ అమ్మాయికి గౌను పొడుగు చేయాల్సి వచ్చింది. పిల్లల బొమ్మయితే ఆ గౌను గురించి అంత గొడవ దేనికి? రెండో ప్రపంచ యుద్ధంలో ప్రైవేట్ స్నాఫూ అనే తింగరి సిపాయి బొమ్మ మీద సైన్యం పనిగట్టుకుని చిత్రాలు తీయించుకుంది, సైనికులకి జాగ్రత్తలు నేర్పడానికి.

ఇంతదాకా బానే ఉంది. తర్వాత జరిగింది బొమ్మల వల్ల కాదర్రా, డబ్బు లెక్కల వల్ల.

అక్కడి పెద్ద సినిమా కంపెనీలకి సొంత హాళ్ళుండేవి. సినిమా, చిన్న చిత్రం, న్యూస్‌రీలు అన్నీ కట్టగట్టి హాలుకి పంపేవాళ్ళు. 1948లో అమెరికా సుప్రీంకోర్టు అలా చేయకూడదని తీర్పిచ్చింది. హాళ్ళు చేతులు మారాయి. ఇక హాలు యజమాని ఏడు నిమిషాల బొమ్మకి విడిగా డబ్బెందుకు ఇస్తాడు? మా యజమానే అయితే పైసా ఇచ్చేవాడు కాదు. పైగా ఇళ్ళలోకి టీవీలు వచ్చేశాయి. 1957లో ఎంజీఎం కంపెనీ తన కార్టూన్ విభాగాన్ని మూసేసింది. టామ్ అండ్ జెర్రీ తీసిన హన్నా, బార్బెరా ఇద్దరూ రోడ్డున పడ్డారు. వాళ్ళే టీవీకి వెళ్ళారు.

టీవీ వాళ్ళు ఇచ్చే డబ్బు హాలు సినిమాకిచ్చే డబ్బులో చిన్న ముక్క. అంత తక్కువలో ఎలా తీయాలి? ఇక్కడొక సంగతి చూపిస్తాను. ఈసారి యోగి అనే ఎలుగుబంటి బొమ్మ ఎక్కడైనా కనిపిస్తే మెడ దగ్గర చూడండి. ఒంటి మీద చొక్కా ఉండదు గానీ మెడకి కాలరూ టై ఉంటాయి. ఎందుకో తెలుసా? కాలరు దగ్గర తలకీ ఒంటికీ మధ్య అతుకు కనబడదు. మాట్లాడేటప్పుడు ఒంటి బొమ్మ అలాగే ఉంచేసి, తల ఒక్కటే మార్చి గీస్తే సరిపోతుంది. అతుకు దాచడం ఎంత కష్టమో రీలు అతికిన నాకు తెలుసు. నేను దండం పెట్టాను ఆ తెలివికి. కానీ ఒళ్ళంతా కదిలే టామ్ అండ్ జెర్రీ చూసిన కళ్ళకి, తల మాత్రమే కదిలే బొమ్మలు చవకగా కనబడ్డాయి. చవకబారుది పిల్లలకి చాల్లే అన్న ఆలోచన అక్కడ మొదలైంది.

అప్పటికి కూడా పూర్తిగా పిల్లలకి ఇచ్చేయలేదు. 1960లో ఆ ఇద్దరే ఫ్లింట్‌స్టోన్స్ అనే సీరియల్ మొదలుపెట్టారు. శుక్రవారం రాత్రి, పెద్దవాళ్ళు ఆఫీసునుంచి వచ్చి భోజనాలు కానిచ్చి కూర్చునే వేళకి వచ్చేది. రాతియుగంలో మొగుడూ పెళ్ళాల కాపురం కథ. దానికి డబ్బు పెట్టినవాళ్ళలో విన్‌స్టన్ సిగరెట్ కంపెనీ ఒకటి. పాత ప్రకటన నేను చూశాను. ఆడవాళ్ళిద్దరూ పెరట్లో పని చేస్తుంటే, వాళ్ళ మొగుళ్ళు ఫ్రెడ్డూ బార్నీ ఇంటి వెనక్కి పోయి కూర్చుని సిగరెట్ వెలిగిస్తారు. అది చూసి నాకు ఒళ్ళు మండింది, ఆ మాట దాచను. కానీ ఆలోచించండి, సిగరెట్ అమ్మేవాడు డబ్బు పెట్టాడంటే ఆ వేళకి టీవీ ముందు ఎవరున్నారో వాడికి తెలుసు.

ఐదారేళ్ళలో అంతా మారిపోయింది. శనివారం పొద్దున పెద్దవాళ్ళు ఆలస్యంగా లేస్తారు. పిల్లలు ముందే లేచి టీవీ ముందు కూర్చుంటారు. ఆ వేళలో ప్రకటనలకి రేటు తక్కువ. తీపి అటుకుల్లాంటివి అమ్మే కంపెనీలు, ఆటబొమ్మల కంపెనీలు ఎగబడ్డాయి. 1960ల మధ్యనుంచి అమెరికా ఛానళ్ళు బొమ్మలన్నిటినీ శనివారం పొద్దుటికి తోసేశాయి. ఒకప్పుడు హాల్లో పెద్దవాళ్ళని నవ్వించిన పాత చిత్రాలని కూడా తెచ్చి అక్కడే పడేశారు. పిల్లలు చూస్తున్నారని తుపాకులూ డైనమైట్లూ ఉన్న ముక్కలు కత్తిరించారు. అదే రీలు, అదే బొమ్మ. వేసే వేళ మారింది, అంతే. నా మటుకు నాకు ఈ సంగతి అర్థమయ్యాక మిగతాదంతా తేలిగ్గా అర్థమైంది. మేమూ మార్నింగ్ షోకి ఒక రకం బొమ్మ, ఫస్ట్ షోకి ఇంకో రకం వేసేవాళ్ళం. మార్నింగ్ షో బొమ్మ ఎంత మంచిదైనా దాన్ని ఎవరూ గొప్పగా చెప్పుకునేవాళ్ళు కాదు.

1968లో అక్కడి తల్లులు కొందరు సంఘం పెట్టి, పిల్లల కార్యక్రమాల్లో కొట్లాటలూ ప్రకటనలూ తగ్గించమని పోరాడారు. వాళ్ళని నేను తప్పు పట్టను. నేనైనా అదే చేసేవాణ్ణి. అయితే దాంతో ఛానళ్ళు భయపడి ఇంకా మెత్తని కథలకి పోయాయి. 1980లలో ప్రభుత్వం కట్టుబాట్లు సడలించగానే, దుకాణంలో ఆటబొమ్మలు అమ్ముకోవడానికే సీరియళ్ళు తీయడం మొదలైంది. ఇవి చూస్తూ పెరిగినవాళ్ళే తర్వాత టీవీల్లో, సినిమా కంపెనీల్లో పెద్ద కుర్చీల్లో కూర్చున్నారు. బొమ్మలంటే వాళ్ళకి గుర్తొచ్చేది శనివారం పొద్దునా, పాలల్లో నానేసిన అటుకులూ.

ఇంకో పక్కనుంచి కూడా చెప్పాలి. ఈ అపోహ వల్ల పెద్దవాళ్ళ కంటే ముందు దెబ్బతిన్నది పిల్లలే. 1978లో ఇంగ్లండులో వాటర్‌షిప్ డౌన్ అనే సినిమా వచ్చింది. ఊరు పోగొట్టుకున్న కుందేళ్ళు కొత్త చోటు వెతుక్కుంటూ పోయే కథ. అందులో చావులున్నాయి, నెత్తురుంది, గొంతులు కొరుక్కోవడం ఉంది. కానీ గీసిన కుందేళ్ళే కదా అని సెన్సారు వాళ్ళు అందరూ చూడొచ్చని సర్టిఫికెట్ ఇచ్చేశారు. తల్లిదండ్రులు నాలుగైదేళ్ళ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళారు. ఆ పిల్లలు రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేచేవాళ్ళని దశాబ్దాలపాటు ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. నలభై ఏళ్ళు దాటాక గానీ ఆ సర్టిఫికెట్ మార్చలేదు. అందుకే మగపిల్లలకి ఒక మాట. బొమ్మలు కదా అని కనబడ్డదల్లా చూసేయకండి. కొన్ని నిజంగానే మీ వయసుకి కావు. అమ్మని అడగండి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. అమెరికా పెద్ద కంపెనీలు తీసే బొమ్మల సినిమాల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ ఇంటిల్లిపాదీ కలిసి చూసేవే. వందల మంది ఏళ్ళ తరబడి పనిచేయాలి, ఖర్చు చాలా ఎక్కువ, అందుకని ఇంట్లో అందరి టికెట్టూ కావాలి వాళ్ళకి. అది తప్పేం కాదు. పిల్లలకి నచ్చేలా తీయడం చిన్న పని కూడా కాదు. నా బాధ "పిల్లలది" అన్నందుకు కాదు. ఆ మాటని "పనికిమాలినది" అనే అర్థంలో వాడుతున్నందుకు.

దాని వల్ల నష్టపోయేది ఎవరో కూడా తెలుసుకోండి. అమెరికాలో యానిమేషన్‌కి, అంటే ఈ బొమ్మల సినిమాలకి, కథలు రాసేవాళ్ళలో చాలామంది మామూలు సినిమా రచయితల యూనియన్‌లోకి రారు. వాళ్ళ ఒప్పందం వేరు, జీతం తక్కువ. 2022 ఆస్కార్ వేడుకలో యానిమేషన్ అవార్డు ఇచ్చేటప్పుడు వేదిక మీదివాళ్ళు, పిల్లలు ఇవే మళ్ళీ మళ్ళీ చూస్తారు, తల్లిదండ్రులకి భరించక తప్పదు అన్న ధోరణిలో మాట్లాడారు. ఆ సినిమాలకి ఏళ్ళు ధారపోసినవాళ్ళు ఎదురుగా కూర్చుని వినాల్సి వచ్చింది. మరుసటి ఏడు అదే అవార్డు అందుకున్న దర్శకుడు గిల్లెర్మో డెల్ టోరో, యానిమేషన్ కూడా సినిమానే అని వేదిక మీదనుంచే చెప్పాడు. ఆయనకి ఆ అవార్డు తెచ్చిన సినిమా పినోకియో.

చిట్టితల్లీ, ఆ రోజు నువ్వు చూస్తున్నది అదేనని నాకు తర్వాత తెలిసింది. ముస్సోలినీ కాలంనాటి ఇటలీలో జరిగే కథ అట. ఆ ముసలాయన కొడుకు చర్చి మీద పడ్డ బాంబుకి పోయాడట. ఆ చెట్టు నరికి చేసే బొమ్మే కథలో పిల్లవాడట. ఇంతవరకే చదివాను, మిగతాది కావాలనే చదవలేదు, చూడలేదు.

వేసవి సెలవులకి ఎలాగూ వస్తారు. పక్కింటి అబ్బాయి దగ్గర ఫోన్‌ని టీవీకి తగిలించే వైరు ఉందట, చూపిస్తానన్నాడు. బాబాయికి నేను ఫోన్ చేసి చెప్పాను, మొదటి వరసలో కూర్చోమని. సరేనన్నాడు. నానమ్మ జంతికలు చేస్తానంది. నువ్వు చెట్టు నరికే చోట ఆపేశావు గానీ నేను ముందు భాగం చూడలేదమ్మా, మొదటినుంచి వేద్దాం. వైరు సంగతి ఈలోపు నేర్చుకుంటాను. బొమ్మ నేనే వేస్తాను.

ఉంటాను.
మీ తాతయ్య