విపత్తుకు ముందే వచ్చే వాలంటీర్

మాలాంటి వాలంటీర్లం ఏ బడికో, చిన్న సేవాసంస్థకో వెళ్ళి "ప్రమాదం వస్తే ఏం చేయాలో ప్లాన్ వేసుకోవడానికి సాయం చేస్తాం" అంటే చాలాచోట్ల మొదట వినిపించే జవాబు "మా దగ్గర ఉందండీ" అనే. బీరువాలోంచి ఫైలు తీసి చూపిస్తారు కూడా. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ ఫైలు ఎందుకు చాలదో గత వందేళ్ళకు పైగా కాలంలో చాలామంది ప్రాణాలు పోయాకే తెలిసింది.

1908 మార్చి 4న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం కాలిన్‌వుడ్‌లో ఒక బడి అంటుకుంది. ముందు ద్వారం దగ్గర మంటలు కమ్ముకోవడంతో పిల్లలు వెనక్కి పరుగెత్తి, వెనక ద్వారం దగ్గరి ఇరుకులో ఒకరి మీద ఒకరు పడి ఇరుక్కుపోయారు. 172 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, వాళ్ళను కాపాడబోయిన ఒకరు చనిపోయారు. యాభై ఏళ్ళ తర్వాత, 1958 డిసెంబర్ 1న, షికాగోలోని అవర్ లేడీ ఆఫ్ ది ఏంజెల్స్ బడిలో 92 మంది పిల్లలు, ముగ్గురు సన్యాసినులు పోయారు. మెట్ల అడుగున పుట్టిన మంట, తలుపులు లేని ఆ మెట్ల దారినే పైకి పాకింది. బడిలో మోగిన అలారం బడి వరకే, అగ్నిమాపక కేంద్రానికి దాని తీగ వెళ్ళలేదు. అన్నిటికన్నా బాధపెట్టేది మరొకటి ఉంది: కొన్ని వారాల ముందే ఆ బడి తనిఖీలో పాసైంది. పాత భవనాలకు కొత్త నిబంధనలు అప్పట్లో వర్తించేవి కావు కాబట్టి కాగితం మీద తప్పేమీ కనిపించలేదు.

గోడల విషయంలో మనుషులు కాస్త త్వరగానే మేల్కొన్నారు. 1933 మార్చి 10 సాయంత్రం కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌ను భూకంపం కుదిపేసి ఎన్నో బడులను కూల్చింది. పిల్లలు అప్పటికే ఇళ్ళకు వెళ్ళిపోయారు కాబట్టి సరిపోయింది. నెల రోజులకే బడి భవనాల నిర్మాణానికి కఠిన నియమాలు పెడుతూ ఫీల్డ్ చట్టం వచ్చింది. భవనాన్నైతే చట్టంతో గట్టిచేయవచ్చు. భవనంలో ఉన్నవాళ్ళు ఏ దారిన వెళ్ళాలి, ఎవరు ఎవరిని లెక్కపెట్టాలి అన్నది మాత్రం అక్కడివాళ్ళు కూర్చుని తేల్చుకోవాల్సిందే.

చాలాకాలం వాలంటీర్ అంటే ప్రమాదం జరిగాక పరుగున వచ్చేవాడే. ముందుగా సిద్ధమైన సందర్భాలు లేకపోలేదు. యుద్ధం వస్తుందని తెలిసి బ్రిటన్‌లో 1938లోనే మహిళల స్వచ్ఛంద సేవాదళం పుట్టింది. 1939 సెప్టెంబర్ మొదటి రోజుల్లో నగరాల నుంచి పదిహేను లక్షల మందిని, ఎక్కువగా బడి పిల్లలను, పల్లెలకు తరలించినప్పుడు ఆ మహిళలు సాయంగా నిలిచారు. అయితే అది యుద్ధం పుణ్యాన జరిగింది. శాంతికాలంలో ఆ ఆలోచన నిలదొక్కుకోవడానికి మరో నలభై ఏళ్ళకు పైగా పట్టింది.

1985 సెప్టెంబర్‌లో మెక్సికో సిటీ భూకంపంలో మామూలు జనమే వట్టి చేతులతో శిథిలాలు తవ్వి దాదాపు 800 మందిని బయటికి తీశారు. ఆ ప్రయత్నంలో వాళ్ళలోనే వందమందికి పైగా చనిపోయారు. లాస్ ఏంజెలెస్ అగ్నిమాపక శాఖ అధికారులు దీన్ని దగ్గరగా చూశారు. జనం ఎలాగూ వస్తారు, రాకుండా ఆపలేం, కాబట్టి ముందే నేర్పాలనుకున్నారు. అలా మొదలైన పౌర బృందాల శిక్షణ 1993లో అమెరికా అంతటికీ వెళ్ళింది. 1995 జనవరి 17న జపాన్‌లోని కోబె భూకంపం తర్వాత పది లక్షలకు పైగా వాలంటీర్లు తరలివచ్చారు. ఆ ఏడాదిని అక్కడివాళ్ళు ఇప్పటికీ "వాలంటీర్ల తొలి ఏడాది" అంటారు. సేవాసంస్థలకు చట్టబద్ధ గుర్తింపు సులువు చేస్తూ 1998లో చట్టం కూడా వచ్చింది.

సేవాసంస్థల ఇబ్బంది వేరు. వృద్ధులకు భోజనం పంపేవాళ్ళు, వికలాంగులను చూసుకునేవాళ్ళు మామూలు రోజుల్లోనే అరకొర మనుషులతో నడుస్తారు. విపత్తులో వాళ్ళ ఆఫీసూ మునుగుతుంది, సిబ్బంది ఇళ్ళూ మునుగుతాయి, సరిగ్గా అప్పుడే వాళ్ళ అవసరం రెట్టింపవుతుంది. 1989లో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతాన్ని కుదిపిన లోమా ప్రియెటా భూకంపం తర్వాత అక్కడి సేవాసంస్థలు ఒకదానికొకటి సాయపడుతూ సిద్ధం కావడానికి జట్టు కట్టాయి. ఎవరి పేర్లు ఏ కంప్యూటర్‌లో ఉన్నాయి, దాని కాపీ ఇంకెక్కడ ఉంది, డైరెక్టర్ అందుబాటులో లేకపోతే చెక్కు మీద సంతకం ఎవరిది? చూడ్డానికి చిన్న ప్రశ్నలే, కానీ ఇవి తేలకపోతే మంచం పట్టిన మనిషికి మర్నాడు భోజనం అందదు.

ఇక 2011 మార్చి 11. జపాన్‌లోని ఒకావా ప్రాథమిక పాఠశాలకు ప్లాన్ ఉంది. సునామీ వస్తే ఎక్కడికి వెళ్ళాలన్న చోట "దగ్గరలోని ఖాళీ స్థలం, పార్కు వగైరా" అని రాసి ఉంది. అలాంటి స్థలం ఏదో ఎవరూ తేల్చలేదు. భూకంపం వచ్చాక అల చేరడానికి దాదాపు యాభై నిమిషాలు పట్టింది. బడి వెనకే కొండ ఉంది. పిల్లలు ఆ సమయంలో చాలాభాగం ఆటస్థలంలోనే ఉండిపోయారు. 74 మంది పిల్లలు, పదిమంది ఉపాధ్యాయులు పోయారు. తల్లిదండ్రులు కోర్టుకు వెళ్ళారు. ముందస్తు సన్నద్ధతలోనే నిర్లక్ష్యం జరిగిందని 2018లో హైకోర్టు తేల్చింది, 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. నా లెక్కలో ఈ మొత్తం చరిత్రకు మలుపు ఆ తీర్పే. "వగైరా" అని రాసి ఊరుకోవడం కూడా తప్పేనని అది చెప్పింది.

అదే తీరంలోని కమైషిలో అప్పటికి కొన్నేళ్ళుగా కతాదా తొషితాకా అనే ప్రొఫెసర్ పిల్లలకు సునామీ గురించి పాఠాలు చెబుతూ వచ్చారు. ఆయన ఆ ఊరివారు కాదు, బయటినుంచి వచ్చినవారు. నీళ్ళు ఎంతవరకు వస్తాయని ముందే గీసిన అంచనాలను నమ్మవద్దని ఆయన నేర్పిన మొదటి మాట. ఆ రోజు ఉనొసుమాయి ప్రాంతంలో జూనియర్ హైస్కూలు పిల్లలు ముందు పరుగెత్తారు, వాళ్ళను చూసి చిన్నబడి పిల్లలూ కదిలారు. నిర్ణయించిన చోటికి చేరాక అదీ సురక్షితం కాదనిపించి ఇంకా పైకి వెళ్ళారు. బతికారు.

ఒకావా, కమైషి బడుల కథ చదివాకే నేను ఈ పనిలోకి వచ్చాను. నేను వెళ్ళిన ఒక బడిలో ప్లాన్ చక్కగా టైపు చేసి ఉంది. అందులోని రెండో ఫోన్ నంబర్ ఎప్పుడో బదిలీ అయిపోయిన టీచర్‌ది. "వెనక గేటు తాళం ఎవరి దగ్గరుంటుంది?" అని అడిగితే అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మీటింగ్‌కు పిలవని వాచ్‌మన్‌ను అప్పుడు పిలిపించారు. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి, మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్ళి, తుప్పుపట్టిన తాళంలో పెట్టి తిప్పితే అది కదల్లేదు. "ఈ సంగతి పోయినేడే చెప్పాను సార్" అన్నాడాయన.

సాయంత్రానికల్లా కొత్త తాళం వచ్చింది. వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాను. హాస్టల్ పిల్లలు రాత్రి నిద్రలేచి, లైట్లు లేకుండా బయటికి రావడం ఆ బడిలో ఇంకా ఒక్కసారి కూడా చేసి చూడలేదు. ఈసారి మీటింగ్‌కు వాచ్‌మన్‌ను, వంటమనిషిని ముందే పిలవమని చెప్పాను.