స్టీలు చెంబు చల్లదనం, మట్టికుండ చల్లదనం

రాత్రంతా ఫ్రిజ్‌లో పక్కపక్కనే ఉన్న స్టీలు చెంబునీ, ప్లాస్టిక్ సీసానీ పొద్దున్నే చెరో చేత్తో పట్టుకుని చూడండి. చెంబు జివ్వుమంటుంది. సీసా అంత చల్లగా అనిపించదు. థర్మామీటర్ ముంచితే మాత్రం రెండింట్లోనూ నీళ్ల ఉష్ణోగ్రత ఒకటే.

అరచేతి చర్మం మామూలుగా 32, 33 డిగ్రీల దగ్గర ఉంటుంది. చల్లని వస్తువు తగలగానే చర్మంలోని వేడి అటు పారుతుంది. ఎంత త్వరగా పారితే చర్మం అంతగా చల్లబడుతుంది, అంత చలి తెలుస్తుంది. సీసా ప్లాస్టిక్ కంటే గాజు దాదాపు 5 రెట్లు, స్టీలు 70 రెట్లు బాగా వేడిని లాగుతాయి. కూల్‌డ్రింక్ క్యాన్ల అల్యూమినియం అయితే వందల రెట్లు. పైగా ఆ క్యాన్ గోడ మందం మిల్లీమీటర్‌లో పదో వంతే. వేళ్లు దాదాపు డ్రింకునే తాకుతున్నట్టు.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని. స్టీలు పళ్లెం మీద ఒక ఐసుముక్క, ప్లాస్టిక్ పళ్లెం మీద ఒకటి పెట్టండి. ముట్టుకుంటే చల్లగా తగిలిన స్టీలు మీదే ఐసు ముందు కరుగుతుంది! చేతి వేడిని లాక్కున్నట్టే, గది వేడిని ఐసుకు అందిస్తుంది. చల్లగా అనిపించే క్యాన్ త్వరగా వేడెక్కేదీ ఇందుకే.

క్యాన్ మీద పట్టే చెమట కూడా చల్లదనానికి గుర్తే అనుకుంటాం. నిజానికి అది డ్రింకును వేడి చేస్తోంది. గాలిలోని ఆవిరి నీరుగా మారేటప్పుడు తన వేడిని వదిలేస్తుంది. ఒక గ్రాము చెమట పట్టి, ఆ వేడంతా లోపలికే చేరితే 300 మిల్లీలీటర్ల డ్రింకు దాదాపు 2 డిగ్రీలు వేడెక్కుతుంది.

మట్టికుండలో జరిగేది సరిగ్గా దీనికి తిరగేసిన పని. కుండ ఒంట్లోని సన్నని రంధ్రాల గుండా నీరు ఊరి, బయట ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని పట్టుకుపోతుంది. చెంబు చల్లదనం ఫ్రిజ్ ఇచ్చింది. కుండ చల్లదనం కుండే పుట్టించుకున్నది. అందుకే నాకు కుండంటే అంత గౌరవం. రంగులు పూసిన కుండ మాత్రం కొనకండి, రంధ్రాలు మూసుకుపోతాయి. గాలి పొడిగా ఉండే అనంతపురం ఎండల్లో కుండ బాగా పనిచేస్తుంది. విశాఖ ఉక్కపోతలో గాలి అప్పటికే ఆవిరితో నిండి ఉంటుంది కాబట్టి, అదే కుండలో నీళ్లు అంతగా చల్లబడవు. అలాంటి చోట కుండను కిటికీ దగ్గర, గాలి ఆడే చోట పెడితే కొంత నయం.