‘ఎంటీఐ ఉంది’ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది

హైదరాబాద్‌లో వాయిస్ ప్రాసెస్‌కి, అంటే ఫోన్‌లో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగాలకి, ఇంటర్వ్యూలిచ్చిన వాళ్లలో ఎవర్ని కదిపినా ఈ మాట వినిపిస్తుంది: "ఎంటీఐ ఉందన్నారు, రిజెక్ట్ అయ్యా." ఎంటీఐ అంటే మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్. బీపీ ఉంది, షుగర్ ఉంది అన్నట్టే ఎంటీఐ ఉంది అంటారు. వచ్చిన మనిషికి గ్రామర్ బాగానే ఉంటుంది, అడిగినదానికి జవాబూ చెప్తాడు, కానీ ‘జీరో’లో మొదటి అక్షరం అచ్చం మన ‘జ’లా పలికిందనో, ‘బస్’ చివర సన్నగా ఒక ‘ఉ’ అంటుకుందనో పక్కన పెట్టేస్తారు. ఉద్యోగ ప్రకటనల్లో అయితే ‘నో ఎంటీఐ’ అని ముందే రాసేస్తున్నారు.

ఇప్పుడు దానికి సాఫ్ట్‌వేర్ వచ్చింది. ప్రపంచంలోనే అతి పెద్ద కాల్ సెంటర్ కంపెనీ, ఫ్రాన్స్‌కి చెందిన టెలిపర్ఫార్మెన్స్, ఇండియాలో తమ ఏజెంట్లు మాట్లాడుతుండగానే వాళ్ల యాసని మార్చేసే ఏఐ వాడుతున్నామని 2025 మొదట్లో చెప్పింది. తయారుచేసింది సనాస్, 2020లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు పెట్టిన కంపెనీ. మాట్లాడేది మన గొంతే, అవతలివాళ్ల చెవికి చేరేటప్పటికి యాస మారిపోయి ఉంటుంది. దీని మీద "హమ్మయ్య, టెన్షన్ తగ్గుతుంది" అనేవాళ్లూ ఉన్నారు, "ఇంతకంటే అవమానం ఉందా" అనేవాళ్లూ ఉన్నారు. అయితే ఈ గొడవ ఏఐతో మొదలైంది కాదు. దీని వెనక చాలా కథ ఉంది, పైగా అందులో సగం భాష గురించి కాదు, ఫోన్ బిల్లు గురించి.

తొంభైల మొదట్లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ లాంటి కంపెనీలు లెక్కల పని, కాగితాల పని ఇక్కడ చేయించుకోవడం మొదలుపెట్టాయి గానీ, ఆ పనిలో కస్టమర్‌తో మాట్లాడే అవసరం లేదు. 1997లో అమెరికా కంపెనీ జీఈ క్యాపిటల్ గుర్‌గావ్‌లో సెంటర్ పెట్టి, ఫోన్ ఎత్తే పనిని కూడా ఇక్కడికి తేవచ్చని చూపించింది. అప్పటికి విదేశీ కాల్స్ అన్నీ ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ చేతిలో ఉండేవి, రేట్లూ ఎక్కువగానే ఉండేవి. 1999లో కొత్త టెలికాం విధానం, సముద్రం అడుగున కొత్త కేబుళ్లు, డాట్‌కామ్ బుడగ పేలాక (ఇంటర్నెట్ కంపెనీల షేర్లు కుప్పకూలాక) కొనేవాడు లేక పడున్న ఫైబర్ కేబుల్, చివరికి 2002 ఏప్రిల్ 1న వీఎస్ఎన్ఎల్ గుత్తాధిపత్యం ముగియడం, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేసరికి ఒహాయోలో ఎవరో చేసిన కాల్‌ని హైదరాబాద్‌కి మళ్లించడం చవకైన పని అయిపోయింది. 1998 నవంబర్‌లో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. జీఈ క్యాపిటల్ ఇక్కడికీ వచ్చింది (అదే 2005లో జెన్‌పాక్ట్ అయింది, ఉప్పల్ క్యాంపస్ వాళ్లదే), హెచ్ఎస్‌బీసీ వచ్చింది, 2003లో డెల్ వచ్చింది. డిగ్రీ చేతికి రాగానే సాయంత్రం క్యాబ్ ఎక్కి తెల్లారి ఇంటికొచ్చే ఒక తరం తయారైంది.

వాళ్లందరూ ముందుగా దాటాల్సిన గడప వాయిస్ అండ్ యాక్సెంట్ ట్రైనింగ్. మూతి ముందు కాగితం ముక్క పట్టుకుని ‘పేపర్’, ‘పెన్’ అనాలి, గాలికి కాగితం కదిలితేనే ‘ప’ సరిగ్గా వచ్చినట్టు. ‘వి’కి పై పళ్లు కింది పెదవిని తాకాలి, ‘డబ్ల్యూ’కి పెదాలు గుండ్రంగా చుట్టాలి, మనకి రెండూ ఒకటే ‘వ’ కాబట్టి ఇక్కడే సగం క్లాసు ఆగిపోయేది. బోర్డు మీద ఫొటోగ్రాఫ్, ఫొటోగ్రఫీ, ఫొటోగ్రాఫిక్ అని రాసి, మొదటిదాంట్లో మొదటి ముక్క మీద, రెండోదాంట్లో రెండో ముక్క మీద, మూడోదాంట్లో మూడో ముక్క మీద స్ట్రెస్ (నొక్కు) పడేలా చప్పట్లు కొట్టించేవాళ్లు. చూసేవాళ్లకి నవ్వొస్తుంది గానీ ఇందులో విషయం ఉంది. తెలుగులో ఏ అక్షరాన్ని నొక్కి పలికినా పదం అదే పదం. ఇంగ్లీష్ ఇంట్లో మాట్లాడుకునేవాళ్ల చెవి మాత్రం ఆ నొక్కుని పట్టుకునే పదాన్ని గుర్తుపడుతుంది, నొక్కు తప్పితే అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నా వాళ్లకి వేరే పదంలా వినిపిస్తుంది.

ఉచ్చారణ కంటే కష్టమైనవి వేరే ఉన్నాయి, వాటిని ట్రైనింగ్‌లో ఒక పూటలో తేల్చేసేవాళ్లు. నంబర్ చెప్పేటప్పుడు ‘డబుల్ ఫైవ్’ అనకూడదు, ‘ఫైవ్ ఫైవ్’ అనాలి. 4/7 అంటే ఏప్రిల్ 7. ఇలాంటివి గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. మౌనం అలా కాదు. ఎదుటి మనిషి కోపంగా ఉంటే మధ్యలో నోరెత్తకుండా వినడం మనకి మర్యాద, కాల్ సెంటర్‌లో దాని పేరు డెడ్ ఎయిర్, మార్కులు పోతాయి. అమెరికన్ కస్టమర్‌కి ఆ మౌనం వింటే లైన్ కట్ అయిందనో, వీడు పట్టించుకోవట్లేదనో అనిపిస్తుంది. తాతగారి వయసున్న మనిషిని ‘జాన్’ అని పేరు పెట్టి పిలవడానికి నోరు రాదు, అలాగని మాటకో ‘సర్’ తగిలిస్తే వాళ్లకి చిరాకు. అన్నిటికంటే ప్రమాదకరమైంది మన ‘ఓకే సర్’. "ఈ రోజు నా డబ్బు వెనక్కి వస్తుందా?" అని ఆయన అడుగుతాడు, "ఓకే సర్" అంటాడు మనవాడు. మనవాడి ఉద్దేశం ‘మీరు చెప్పింది విన్నాను’ అని. ఆయనకి అది మాట ఇచ్చినట్టు. మర్నాడు డబ్బు రాకపోతే ఎస్కలేషన్, అంటే గొడవ సూపర్‌వైజర్ దాకా వెళ్తుంది. ఇందులో యాస ఎక్కడుంది చెప్పండి? అయినా ఎక్కువ డబ్బూ టైమూ పెట్టింది మాత్రం యాస మీదే, ఎందుకంటే అది పైకి వినిపిస్తుంది, ఫలానా శాతం మెరుగైందని క్లయింట్‌కి చూపించొచ్చు.

యాసతో పాటు పేర్లూ మారాయి. అసలు పేరు ఇంటిదగ్గర వదిలేసి ఏ విక్టరో, జెన్నీనో అయి ఫోన్ ఎత్తేవాళ్లు. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నావని అడిగితే తప్పించుకోవడానికి కొన్ని తయారుగా ఉన్న జవాబులుండేవి, కస్టమర్ ఊళ్లో వానో మంచో తెలిస్తే ఆ కబురు కూడా కలిపేవాళ్లు.

అమెరికాలో జనానికి ఇది తెలియక కాదు. 2003 నవంబర్‌లో డెల్ తన కార్పొరేట్ కస్టమర్ల టెక్ సపోర్ట్ కాల్స్‌ని బెంగళూరు నుంచి వెనక్కి అమెరికాకే మళ్లించింది. కంప్లైంట్లు రెండు రకాలు: యాస అర్థం కావట్లేదు, స్క్రిప్ట్ చూసి చదువుతున్నారు. అందరూ మొదటిదాని గురించే మాట్లాడారు గానీ నాకు రెండోదే పెద్దదిగా కనిపిస్తుంది. ఈ పరిశ్రమలో స్క్రిప్ట్ దాటి సొంతంగా మాట్లాడితే కాల్స్ విని మార్కులేసే క్వాలిటీ వాళ్లు మార్కులు కోస్తారు, కాల్ నాలుగు నిమిషాలు ఎక్కువ సాగితే టీమ్ లీడ్ వెనకొచ్చి నిలబడతాడు, మనిషిని అలా కట్టేసి కూర్చోబెట్టాక వాడు చిలకలా కాక ఇంకెలా మాట్లాడతాడు? అదే నెలలో సెనేటర్ జాన్ కెర్రీ ఒక బిల్లు పెట్టారు, ఫోన్ ఎత్తిన ఏజెంట్ తాను ఎక్కడున్నాడో కస్టమర్‌కి చెప్పాలని. అది చట్టం కాలేదు గానీ, మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో ఔట్‌సోర్సింగ్ పెద్ద రచ్చ అయింది.

తమాషా ఏంటంటే, ఈ ఉచ్చారణ సంగతి మన హైదరాబాద్‌లోనే చాలా ముందుగా, చాలా శ్రద్ధగా పరిశీలించారు. 1958లో ఇక్కడ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు, తర్వాత సీఐఈఎఫ్ఎల్ అయి 2007లో ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ) అయింది అదే. పని ఇంగ్లీష్ టీచర్లకి ట్రైనింగ్ ఇవ్వడం. అక్కడి ఆర్.కె. బన్సల్ భారతీయుల ఇంగ్లీష్ బయటివాళ్లకి ఎంతవరకు అర్థమవుతుందో రికార్డింగులు వినిపించి కొలిచారు, ఆ పనిని 1969లో సంస్థే ప్రచురించింది. సగటున సుమారు 70 శాతం అర్థమవుతోందని తేలింది, అర్థం కాకపోవడానికి ముఖ్య కారణాల్లో ఒకటి ఆ స్ట్రెస్సే. గమనించాల్సింది ఆయన అడిగిన ప్రశ్న. ‘అర్థమవుతోందా?’ అని అడిగారు, ‘వాళ్లలా ఉందా?’ అని కాదు. అందుకే ఆ సంస్థవాళ్లు బీబీసీ ఇంగ్లీష్‌కి నకలు కాకుండా, ఏ రాష్ట్రం యాసా మరీ ఎక్కువగా లేని ఒక భారతీయ ఇంగ్లీష్‌ని నమూనాగా పెట్టుకున్నారు. కాల్ సెంటర్లు కూడా మొదట్లో ‘న్యూట్రల్ యాక్సెంట్’ అనే చెప్పుకున్నాయి, కానీ క్లయింట్ అమెరికావాడైనప్పుడు న్యూట్రల్ అనేది అమెరికా వైపే వాలుతుంది.

ఇంకో పాత కేసు ఉంది, దీన్ని కాల్ సెంటర్లలో ఎవరూ చెప్పగా నేను వినలేదు. డెబ్బైల్లో లండన్ ఎయిర్‌పోర్ట్ స్టాఫ్ క్యాంటీన్‌లో వడ్డించే పనికి భారత్, పాకిస్తాన్‌ల నుంచి వచ్చిన ఆడవాళ్లని తీసుకున్నారు. వాళ్లు మొరటుగా ఉన్నారని, సహకరించట్లేదని తినడానికొచ్చేవాళ్లూ సూపర్‌వైజర్లూ అనేవాళ్లు. వీళ్లేమో, మమ్మల్ని చిన్నచూపు చూస్తున్నారని. జాన్ గంపర్జ్ అనే భాషా శాస్త్రవేత్త అక్కడి మాటలు టేప్ చేసి వింటే బయటపడింది ఇంతే: మాంసం వడ్డించాక గ్రేవీ కావాలా అని అడగాలి. బ్రిటిష్ ఆవిడ చివర్లో స్వరం పైకెత్తి "గ్రేవీ?" అనేది. మనవాళ్లు స్వరం కిందికి దించి "గ్రేవీ." అనేవాళ్లు. వినేవాడికి అది ‘ఇదిగో గ్రేవీ, కావాలంటే తీసుకో లేకపోతే పో’ అన్నట్టు తగిలేది. మన వైపు నుంచి చూస్తే, తెలుగులో ‘వెయ్యనా?’ అంటే చాలు, ప్రశ్న ఆ చివరి ‘ఆ’లోనే ఉంది, స్వరం ఎటు తిరిగినా మర్యాద ఎక్కడికీ పోదు.

టేప్ ఇద్దరికీ వినిపించారు. మొదట ఆ ఆడవాళ్లు, రెండూ ఒకలాగే ఉన్నాయి కదా అన్నారు. వివరంగా చెప్పాక, ఎన్నాళ్లుగానో జనం తమని ఎందుకలా చూస్తున్నారో వాళ్లకి అర్థమైంది. అదే సమయంలో సూపర్‌వైజర్లకీ తెలిసింది, ఆ దించిన స్వరంలో పొగరు లేదని, వాళ్ల మామూలు పద్ధతే అదని. ఈ పద్ధతి మీద బీబీసీ 1979లో ఒక కార్యక్రమం కూడా చేసింది. నాకు ఇందులో నచ్చేది ఒకటే, వినేవాళ్లకి కూడా క్లాసు పెట్టారు. తర్వాతి కాలంలో కోట్ల డాలర్ల వ్యాపారం నడిపినవాళ్లు ఆ సగం పనిని పూర్తిగా వదిలేశారు. పెట్టరు కూడా, కస్టమర్‌కి ఎవరు ట్రైనింగ్ ఇస్తారు, డబ్బులిచ్చేవాడు ఆయనే కదా.

వినేవాళ్ల చెవిలో కూడా తిరకాసు ఉందనడానికి 1992లో డొనాల్డ్ రూబిన్ ప్రచురించిన ప్రయోగం చాలు. జార్జియా యూనివర్సిటీలో డిగ్రీ విద్యార్థులకి ఒక లెక్చర్ టేప్ వినిపించారు. గొంతు ఒక్కటే, ఒహాయోకి చెందిన అమెరికన్‌ది. కొందరికి లెక్చరర్ అంటూ తెల్లజాతి మహిళ ఫొటో చూపించారు, కొందరికి చైనా మహిళ ఫొటో. రెండో ఫొటో చూసినవాళ్లకి లేని యాస వినిపించింది, పాఠం కూడా తక్కువ అర్థమైంది! అమెరికాలో చదువుకుంటూ టీఏగా (టీచింగ్ అసిస్టెంట్‌గా) క్లాసులు చెప్పిన మనవాళ్లని అడగండి, ఇది వాళ్లకేం వింతగా ఉండదు.

2010-11 నాటికి వాయిస్ పనిలో ఫిలిప్పీన్స్ ఇండియాని దాటేసింది. 1898 నుంచి 1946 వరకు అమెరికా ఏలిన దేశం, బడి ఇంగ్లీషే అమెరికన్ ఇంగ్లీష్, కాగితం ముక్కలతో పనిలేదు. 2011లో సాంటాండర్ బ్యాంక్ కస్టమర్ల ఫిర్యాదులు భరించలేక తన కాల్ సెంటర్లని ఇండియా నుంచి బ్రిటన్‌కి వెనక్కి తీసుకెళ్లింది. హైదరాబాద్ నెమ్మదిగా నాన్-వాయిస్ (ఫోన్ మాట్లాడక్కర్లేని పని) వైపు, తర్వాత గ్లోబల్ కేపబిలిటీ సెంటర్ల (విదేశీ కంపెనీలు ఇక్కడ పెట్టుకున్న సొంత ఆఫీసుల) వైపు జరిగింది. వాయిస్ ఏమీ చచ్చిపోలేదు, జీతం తక్కువ ఉండే చోట మిగిలింది, ‘ఎంటీఐ’ అనే మాట మాత్రం ఫోన్ ఎత్తే అవసరం లేని ఉద్యోగాల ఇంటర్వ్యూల్లోకి కూడా పాకింది.

ఇలా మిగిలిన వాయిస్ పనిలోకి వచ్చింది సనాస్ లాంటి సాఫ్ట్‌వేర్. కాల్ సెంటర్‌లో చేరిన ఒక స్నేహితుడు యాస వల్ల పడ్డ తిట్లే దానికి మూలం అని వాళ్లు చెప్తారు. మనుషులందరినీ తెల్లవాళ్లలా వినిపించేలా చేస్తున్నారని 2022లోనే విమర్శలొచ్చాయి. నా మటుకు నాకు, రాత్రంతా బూతులు తినే కుర్రాడికి ఇది కొంత ఊరట ఇస్తే దాన్ని తప్పు పట్టడానికి మనసు రాదు. కానీ పైన చెప్పిన ‘ఓకే సర్’ని ఇది సరిచేయదు, అదే ‘ఓకే సర్’ని ఇంకాస్త నున్నగా చేరవేస్తుంది, అంతే.

ఇంతలో కెర్రీ నాటి ముచ్చట మళ్లీ లేచింది. 2025 జూలైలో సెనేటర్లు రూబెన్ గాలెగో, జిమ్ జస్టిస్ కలిసి ‘కీప్ కాల్ సెంటర్స్ ఇన్ అమెరికా’ బిల్లు పెట్టారు. కాల్ మొదట్లోనే ఏజెంట్ తాను ఎక్కడున్నాడో చెప్పాలి, ఏఐ వాడుతుంటే అదీ చెప్పాలి, కస్టమర్ కోరితే అమెరికాలో ఉన్న మనిషికి కాల్ మార్చాలి. ఒక పక్క క్లయింట్లు యాస కనపడకుండా చేసే సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కడుతున్నారు, ఇంకో పక్క ఈ బిల్లు. ఇది గనక చట్టమైతే, మనవాడు ఆ కొత్త అమెరికన్ యాసలో పలకాల్సిన మొదటి వాక్యం ‘నేను హైదరాబాద్ నుంచి మాట్లాడుతున్నాను’ అనే.