మొర్రి పసికందు నోట్లో ప్లేటు: తగాదా మలుపు తిరిగింది నెదర్లాండ్స్‌లో

గ్రహణం మొర్రితో పుట్టిన బిడ్డకు ఆపరేషన్‌కు ముందే నోట్లో ప్లేటు, అంటే చీలిన పై దవడ ముక్కలను సరిచేయడానికి అంగిలికి అమర్చే ఆక్రిలిక్ పలక, పెట్టాలా, అక్కర్లేదా అన్న వాదన మళ్లీ లేచింది. 1950ల్లో గ్లాస్గోలో దంతవైద్యుడు మెక్‌నీల్ ఈ పద్ధతి మొదలుపెట్టిన సంగతి ఈ రంగంలో అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే 1993 దగ్గర ఆగాలి.

అప్పటిదాకా ప్లేటు చాలావరకు నమ్మకం మీదే నడిచింది. ఎవరి పద్ధతి వాళ్లది: తర్వాత ఒక సర్వేలో యూరప్‌లోని 201 బృందాలను అడిగితే, ఒకవైపు మొర్రికే 194 రకాల చికిత్సా క్రమాలు తేలాయి. సగానికి పైగా ప్లేటు వాడేవే.

1993లో నెదర్లాండ్స్‌లోని నైమేగన్, ఆమ్‌స్టర్‌డామ్, రోటర్‌డామ్ కేంద్రాలు కలిసి ఒక పరీక్ష మొదలుపెట్టాయి. పెదవి నుంచి అంగిలి దాకా ఒకవైపు పూర్తిగా చీలిన 54 మంది శిశువులను తీసుకున్నారు. చీటీలు తీసినట్టుగా సగం మందికి ప్లేటు, సగం మందికి ఏమీ లేదు. పెదవికి ఆపరేషన్ 18 వారాలప్పుడు, మెత్తటి అంగిలికి (అంగిలి వెనక భాగానికి) ఏడాదప్పుడు. అప్పటిదాకా ప్లేటు నోట్లోనే. మొదట్లో మూడు వారాలకోసారి కాస్త అరగదీసి దవడ ముక్కలకు దారి చూపేవాళ్లు.

మొదట తేడా కనిపించింది. పై దవడ ఆకారం ప్లేటు ఉన్న పిల్లల్లో మారింది. మెత్తటి అంగిలి మూసేసరికి ఆ తేడా చెరిగిపోయింది. పాలు తాగడంలో, బరువులో తేడా లేదు. రెండున్నరేళ్లప్పుడు మాటలో కొంత మేలు కనిపించినా, ఆరేళ్లకు భాషలో రెండు గుంపులూ ఒకటే. 9, 12 ఏళ్లప్పుడు పై, కింది పళ్ల వరసల వెడల్పు పొందిక చూశారు, అక్కడా అంతే. తల్లుల సంతృప్తినీ కొలిచారు, ప్లేటుతో అదీ పెరగలేదు. ఈ చివరి మాట నాకు ముఖ్యం. గ్రహణం నాడు కత్తి పట్టుకుందని మన ఇళ్లలో తల్లినే తప్పుపడతారు. అలాంటి తల్లి డాక్టరు ఏది చెప్పినా కాదనదు.

ప్లేటు పక్షానికి జవాబు ఉంది. అదే 1993లో న్యూయార్క్‌లో గ్రేసన్ బృందం ప్లేటుకు ముక్కులోకి వెళ్లే కొక్కెం జోడించిన పద్ధతిని ప్రచురించింది. తల్లి నుంచి వచ్చిన ఈస్ట్రోజెన్ వల్ల తొలి వారాల్లో ముక్కులోని మృదులాస్థి మైనంలా ఒంగుతుందని, అప్పుడే ముక్కును తీర్చాలని వాళ్ల వాదన. డచ్ ప్లేట్లకు కొక్కెం లేదు, కాబట్టి ఆ ఫలితం ముక్కుకు వర్తించదంటారు. నిజమే. కానీ ముక్కు విషయంలో అన్నేళ్లు వెంటాడి చూసిన అలాంటి పరీక్ష లేదు. దవడకు పిన్నులతో బిగించి లాగే లేథమ్ పరికరం మరో రకం. ఆ చికిత్స పొందిన పిల్లల్లో పై ముందుపళ్లు కింది పళ్ల వెనక్కి పడటం ఎక్కువని మయామీలో బెర్కోవిట్జ్ చూపించాడు.

ఇక్కడ కొక్కెం ప్లేటంటే వారం వారం ప్రయాణం. ప్రతిసారీ మిల్లీమీటరు మేర ఆక్రిలిక్ చెక్కుతారు, ప్లేటును పట్టి ఉంచే కొత్త టేపు బుగ్గలకు అంటిస్తారు. పీకి అంటించీ అంటించీ బుగ్గలు ఎర్రబడతాయి. జిల్లాల నుంచి హైదరాబాదు బస్సెక్కే తల్లికి అన్నిటినీ కలిపి చెప్పే పేరు ఒకటే, ‘ప్లేటు’. పళ్ల కోసమా, ముక్కు కోసమా అని ఆమె అడగదు, ఎవరూ విడమరచి చెప్పరు.