విశాఖలో సొంత బోటుకు నీళ్లలో చోటు: ఇన్ని అనుమతులు ఎక్కడి నుంచి వచ్చాయి?

వేట నిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే ఆ 61 రోజుల్లో, ఒకసారి విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి చూడండి. మరబోట్లన్నీ ఒక్కసారే వచ్చి చేరతాయి. జెట్టీకి మొదటి బోటు, దాని పక్కన రెండోది, దానికి ఆనించి మూడోది. ఒరుసుకోకుండా మధ్యలో పాత లారీ టైర్లు వేలాడుతుంటాయి. నాలుగో బోటులో ఇంజను పని చేయాల్సిన మెకానిక్ మూడు బోట్లు దాటుకుంటూ వెళ్లాలి. 2023 నవంబరు 19 రాత్రి ఒక బోటులో లేచిన మంట ముప్పైకి పైగా బోట్లను కాల్చేసింది. అంత వేగంగా పాకడానికి ఇలా ఆనించి కట్టడం కూడా ఒక కారణం.

అది చూశాక ఎవరికైనా వచ్చే ఆలోచన ఒకటే: కాస్త దూరంగా, సొంతంగా ఒక బోయా వేసుకుంటే పోదా? నీటి అడుగున కాంక్రీటు దిమ్మ, దానికి గొలుసు, గొలుసు చివర తేలే బోయా, బోయాకు మోకుతో బోటు. చెప్పడానికి ఇంతే. కానీ గాలి మారినప్పుడల్లా బోటు ఆ దిమ్మ చుట్టూ తిరుగుతుంది. ఒక్క బోటుకు పెద్ద గుండ్రటి నీటి జాగా కావాలి. ఆ గుండ్రం ఎవరిది అన్న దగ్గరే చిక్కంతా మొదలవుతుంది.

మన తీరం బంగాళాఖాతానికి ఎదురొడ్డి ఉంది. పెద్ద జాలరిపేటలో పడవను ఇసుక మీదికి లాగి పెట్టుకోవడమే అలవాటు, అలల్లో కట్టి ఉంచితే నిలవదు కనుక. నీరు నిలకడగా ఉండే చోటు డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున, మేఘాద్రి గెడ్డ వచ్చి కలిసే ఉప్పుటేరులో ఉండేది. ఆ బురద నేలనే తవ్వి ఓడరేవు కట్టారు. ఇసుక మేట వేసి దారి పూడిపోకుండా రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ రేవును ప్రారంభించాడు. అలల నుంచి రక్షణ ఉన్న నీళ్లన్నీ ఆ విధంగా రేవు హద్దుల్లోకి వెళ్లాయి. తర్వాత నౌకాదళమూ అక్కడే స్థిరపడింది. నా దృష్టిలో ఈ కథ మొత్తానికి కీలకం ఇదే. సముద్రం నుంచి రక్షణ ఉన్న చోటే చట్టం కాపలా కూడా ఎక్కువ.

రేవులకు అప్పటికే 1908 నాటి ఓడరేవుల చట్టం ఉంది. రేవులో ఏ ఓడ ఎక్కడ నిలవాలో చెప్పే అధికారం కన్సర్వేటర్‌ది, అంటే రేవు నిర్వహణ చూసే అధికారిది. అత్యవసరమైతే, మరో ఓడకు ప్రమాదమయ్యే తాడును కోయించే హక్కు కూడా ఆయనకుంది. 1963 మేజర్ పోర్ట్ ట్రస్టుల చట్టం ఇంకో అడుగు వేసింది. మరుసటి ఏడు విశాఖ దాని కిందకు వచ్చింది. రేవు హద్దుల్లో వార్ఫు (ఓడలు సరుకు దించే కట్ట), జెట్టీ, లంగరు చోటు, మూరింగ్ (బోయా లాంటి, ఓడను కట్టే ఏర్పాటు), వీటిలో ఏది వేయాలన్నా రేవు ట్రస్టు బోర్డు ముందస్తు లిఖితపూర్వక అనుమతి తప్పనిసరి అంది. చిన్న బోయా, పెద్ద వార్ఫు రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఆ చట్టం రాసినప్పుడు ఒకే ఒక్క బోటున్న మనిషి ఎవరి మనసులోనూ ఉన్నట్టు లేడు. 2021లో మేజర్ పోర్ట్ అథారిటీల చట్టం, 2025లో కొత్త ఓడరేవుల చట్టం వచ్చి ఈ రెండింటినీ మార్చేశాయి. కానీ రేవు నీళ్ల మీద పెత్తనం రేవుదే.

పర్యావరణం వైపు నుంచి వచ్చిన పొర వేరు. 1991 ఫిబ్రవరి 19 నాటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్, అంటే సీఆర్‌జెడ్, పోటు గీత (పోటు సమయంలో నీరు చేరే హద్దు) నుంచి 500 మీటర్ల నేల మీద దృష్టి పెట్టింది. 2011 జనవరి 6 నాటి నోటిఫికేషన్ సముద్రంలో 12 నాటికల్ మైళ్ల దాకా నీటినీ కలుపుకుంది. అప్పటి నుంచి నీటి అడుగున దించే దిమ్మ కూడా ఆ పరిధిలోని విషయమే అయింది. సీఆర్‌జెడ్ దరఖాస్తుకు పోటు గీత, పాటు గీత (నీరు వెనక్కి తగ్గే హద్దు) గుర్తించిన 1:4000 కొలత పటం గుర్తింపు పొందిన సంస్థ చేతే గీయించాలి. పటం ఖర్చు చిన్న బోటు యజమానికి భారమే. ఆ తర్వాత రాష్ట్ర తీరప్రాంత నిర్వహణ ప్రాధికార సంస్థ పరిశీలన. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం మనది. ఈ పొర అవసరమనే నేను గట్టిగా నమ్ముతాను.

మూడో పొర భద్రత. 2008లో ముంబయి మీద దాడి చేసినవాళ్లు సముద్రం మీదుగా వచ్చాక బోట్ల రిజిస్ట్రేషన్, మత్స్యకారుల గుర్తింపు కార్డులు బిగిశాయి. నౌకాదళం ఉన్న ఊళ్లో ఆ బిగింపు మరింత ఎక్కువ.

ఈ మూడు పొరలనూ మూడు కాలాల్లో, మూడు భయాలతో వేశారు. ఒకదాని కాగితం ఇంకోదానికి చెల్లదు. నేను అడిగేది సడలింపు కాదు. హార్బర్ దగ్గర ఒక నీటి జాగాను ఎంచి, మూడు శాఖలూ కలిసి ఒక్కసారే పరిశీలించి, బోయాలు తామే వేసి అద్దెకివ్వాలి. మొదటి వరస మరబోట్లకు, మిగిలితే షికారు బోట్లకు. అప్పుడు వేట నిషేధం రోజుల్లో నాలుగో బోటు జెట్టీ వరస వదిలి బోయాకు కట్టుకోగలుగుతుంది.