విలన్ కథలో హీరోను పుట్టించడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో ఉంటూ తెలుగులో ఇంటరాక్టివ్ ఫిక్షన్ రాస్తున్నాను. ఈ ప్రక్రియ తెలియనివారికి ఒక మాట: ఇందులో చదివేవారే కథలోని ముఖ్య పాత్ర. ప్రతి మలుపులోనూ రెండో మూడో దారులు కనిపిస్తాయి, వారు ఏది ఎంచుకుంటే కథ అటు నడుస్తుంది. 1976లో విల్ క్రౌథర్ కంప్యూటర్ కోసం రాసిన గుహల ఆటతో ఇది మొదలైందని చెబుతారు. 2009లో క్రిస్ క్లైమస్ ట్వైన్ అనే ఉచిత సాధనాన్ని తెచ్చాక ప్రోగ్రామింగ్ రానివారు కూడా ఇలాంటి కథలు అల్లగలుగుతున్నారు.

సూపర్‌హీరో కథల్లో నేను రాసేది ఒకే రకం. చదివేవారు విలన్‌గా ఉంటారు, వారికి ఎదురుగా ఒక హీరో నిలబడతాడు, లేదా నిలబడుతుంది. ఏళ్ల తరబడి నన్ను ఎక్కువగా కష్టపెట్టింది, ఎక్కువగా నేర్పింది ఆ ఎదుటి హీరోయే. కొత్తగా రాస్తున్నవారి కథలు చూసినప్పుడల్లా, ఒకప్పుడు నేను నమ్మిన అపోహలే వాటిలోనూ కనిపిస్తున్నాయి.

అపోహ: విలన్ శక్తికి సరిగ్గా వ్యతిరేకమైన శక్తి హీరోకు ఇస్తే సరిపోతుంది.

విలన్‌ది నిప్పయితే హీరోది నీరు, విలన్‌ది చీకటయితే హీరోది వెలుగు. కాగితం మీద ఈ లెక్క ముచ్చటగా ఉంటుంది. మొదటి పోరాటం ముగిసేసరికి వాళ్లిద్దరి మధ్య మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

పోతన ఊరు బమ్మెర మాకు దగ్గరే. ప్రహ్లాదుడి కథ వినకుండా పెరిగినవారు ఈ ప్రాంతంలో అరుదు. ఆ కథను ఒక్కసారి విలన్ వైపు నుంచి చూడండి. మనిషి చేతిలోనూ మృగం చేతిలోనూ చావకూడదు, పగలూ రాత్రీ చావకూడదు, ఇంటి లోపలా బయటా చావకూడదు, నేల మీదా ఆకాశంలోనూ చావకూడదు, ఆయుధంతో చావకూడదు అని హిరణ్యకశిపుడు వరాలు కోరాడు. సగం మనిషి, సగం సింహం అయినవాడు సంధ్యవేళ గడప మీద కూర్చుని, ఒడిలో పడుకోబెట్టుకుని, గోళ్లతో చీల్చాడు. నరసింహుడి రూపంలోని ప్రతి వివరం విలన్ పెట్టిన ఒక్కో షరతుకు జవాబు. హిరణ్యకశిపుడు వరాలు కోరుతూ కోరుతూ తన శత్రువు బొమ్మను తానే గీసుకున్నాడు.

ఇంటరాక్టివ్ ఫిక్షన్‌లో చదివేవారు మొదట్లో ఎంచుకునేవే ఆ వరాలు. ఇప్పుడు నేను రాస్తున్న కథలో వరంగల్‌కు చెందిన ఒక మనిషికి నీళ్లను పిలిచే శక్తి వస్తుంది. పూడ్చేసిన చెరువులను మళ్లీ తెప్పించాలని, వాటి మీద లేచిన కాలనీలను ముంచాలని ఆ మనిషి పంతం. మొదటి అధ్యాయంలో నేను అడిగేవి మూడే ప్రశ్నలు: ఎలా దాక్కుంటావు, ఏ పని మాత్రం చేయవు, ఎవరిని కాపాడుకుంటావు. ఎవరికీ కనిపించకుండా ఉండాలని ఎంచుకుంటే, నీటి చప్పుడును బట్టి మనిషిని గుర్తుపట్టే హీరో వస్తాడు. ఎవరినీ చంపనని ఎంచుకుంటే హీరోకు మీరంటే భయం ఉండదు, నేరుగా మీ ఇంటి తలుపు తడతాడు. అమ్మను కాపాడుకోవాలంటే, అమ్మకు రోజూ మందులు తెచ్చిచ్చే పక్కింటి మనిషే హీరో అవుతాడు. శక్తిలో వ్యతిరేకత కోసం నేను అసలు వెతకను, షరతుల మధ్య మిగిలిన సందు కోసం వెతుకుతాను.

కామిక్స్‌లో దారి దీనికి ఎదురుగా నడిచింది. సూపర్‌మ్యాన్ 1938లో వచ్చాడు, అతని శత్రువు లూథర్ 1940లో వచ్చాడు. ముందు హీరో ఉన్నాడు, అతని కొలతలకు తగ్గట్టు శత్రువును కుట్టారు. విలన్‌ను ముందు పెట్టుకున్న మనం హీరోను కుట్టాలి, ఆ కొలతలు చదివేవారు ఇవ్వాలి.

నా కథలోని హీరోది నీరటి కుటుంబం. నీరటి అంటే చెరువు తూము ఎత్తి దించుతూ ఏ మడికి ఎంత నీరు చేరాలో చూసే మనిషి. విలన్‌కూ నీళ్లు తెలుసు, హీరోకూ తెలుసు. ఒకరు నీటిని వదిలేయాలంటారు, ఇంకొకరు పంచాలంటారు. ఇద్దరూ తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ నీళ్లు ఎవరివి? ప్రశ్న ఒకటే అయినప్పుడు వాళ్లు ఎన్ని అధ్యాయాలు మాట్లాడుకున్నా మాట తరగదు.

అపోహ: చదివేవారు విలన్ కాబట్టి వారి మనసు నొచ్చుకోకుండా హీరోను కపటిగా చూపించాలి.

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. నా కథ తొలి రూపంలో హీరో స్థలాల వ్యాపారుల దగ్గర డబ్బు తీసుకునేవాడు, కెమెరా కనిపిస్తే చాలు ముందుకు వచ్చేవాడు. చదివినవాళ్లంతా కాలనీని ముంచే దారినే హాయిగా నొక్కుకుంటూ వెళ్లారు. నా దగ్గర రాయడం నేర్చుకుంటున్న ఒక డిగ్రీ విద్యార్థిని కథంతా పూర్తి చేసి, "అక్కా, ఇందులో నేను విలన్‌ని ఎప్పుడయ్యాను?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. హీరో చెడ్డవాడైతే చదివేవారే హీరో అయిపోతారు. విలన్‌గా ఉండటానికి వారు చెల్లించవలసిన వెల ఏదీ ఉండదు.

ఆ హీరోను మొత్తంగా తీసేసి మళ్లీ రాశాను. ఈసారి ఒక నియమం పెట్టుకున్నాను: విలన్ పొరబడిన చోట కనీసం ఒక్క విషయంలో హీరో మాట నిజం కావాలి, ఆ నిజం చదివేవారి కళ్ల ముందు జరగాలి. విలన్ వాదనలో బలం లేకపోలేదు. 2020 ఆగస్టు వానలకూ 2023 జులై వానలకూ వరంగల్ కాలనీలు మునగడం చూసిన ఎవరికైనా, నీరు తన పాత దారిని మరచిపోదని తెలుసు. "చెరువు శిఖంలో, అంటే నీరు నిలిచే నేలలో, ఇల్లు కట్టుకున్నది వాళ్లే కదా" అని విలన్ అన్నప్పుడు చదివేవారు తల ఊపుతారు. అప్పుడు హీరో వారిని ఒక ఇంటికి తీసుకువెళ్తాడు. ఆ ఇల్లు ఇంకా అప్పులోనే ఉంది. ఆ స్థలం అమ్మినవాడు ఊళ్లోనే లేడు. నీళ్లు వస్తే మునిగేది కొన్నవాళ్లు, అమ్మినవాడు కాదు. ఈ సన్నివేశం చేర్చాక, అదే మీట దగ్గర చదివేవాళ్లు చాలాసేపు ఆగడం నేను పక్కన కూర్చుని చూశాను. కొందరు అప్పటికీ నొక్కారు. ఆ నొక్కడంలో ఇప్పుడు బరువు ఉంది.

హీరోకు తప్పులు ఉండకూడదని నేను అనడం లేదు. ఆ తప్పు అతని సుగుణం లోంచే పుట్టాలి. నా హీరో కొలత తప్పని మనిషి, అందరినీ అడిగి గానీ తూము ఎత్తడు. ఒక రాత్రి అలా అడుగుతూ ఉండగానే ఆలస్యమై ఒక ప్రాణం పోతుంది. లంచం తీసుకున్న హీరోను అసహ్యించుకుని మరచిపోతాం. ఈ హీరోను మరచిపోలేం.

అపోహ: హీరో ఆడా మగా అన్నదీ, పేరూ చదివేవారే ఎంచుకుంటే చాలు, అది వారి సొంత హీరో అయిపోతుంది.

ఇంగ్లీషులో ఇది తేలిక. సర్వనామం మార్చితే వాక్యం నిలబడుతుంది. తెలుగులో క్రియ కూడా మారుతుంది: వచ్చాడు, వచ్చింది, వచ్చారు. పేరు తగిలించినా చిక్కే. రవికైతే "రవిని", రాధకైతే "రాధను", రాముడికైతే "రాముడిని". చదివేవారు తమకు నచ్చిన పేరు టైపు చేస్తే ఎక్కడో ఒకచోట విభక్తి విరిగి, కథ మీద నమ్మకం కూడా దానితోపాటే విరుగుతుంది. అందుకే నేను పేర్ల పట్టిక ఇస్తాను. ప్రతి పేరుకూ దాని రూపాలన్నీ ముందే రాసి పెట్టుకుంటాను.

కానీ మన భాష ఒక చేత్తో తీసుకున్నది రెండో చేత్తో ఇస్తుంది. ఎదుటి మనిషితో నేరుగా మాట్లాడేటప్పుడు తెలుగు క్రియకు ఆడా మగా తేడా లేదు. "నువ్వు వచ్చావు" అంటే ఎవరైనా కావచ్చు. కాబట్టి హీరో, విలన్ ముఖాముఖి నిలబడే సన్నివేశాలు ఒక్కసారి రాస్తే చాలు. హీరో లేని చోట, ఇరుగుపొరుగు వారి మాటల్లో, పత్రిక వార్తల్లో మాత్రమే రెండు రూపాలు రాయాలి. ఇది తెలిశాక నా కథలో ముఖాముఖి సన్నివేశాలు పెరిగాయి, కథ కూడా బాగుపడింది.

ఇంతకంటే విలువైనది ఇంకొకటి ఉంది. వాడు, అతను, ఆయన. అది, ఆమె, ఆవిడ. ఒక మనిషి మీద మనకున్న కోపం, గౌరవం మొత్తం తెలుగులో ఈ మాటల్లోనే తెలిసిపోతుంది. నా కథలో "గౌరవం" అనే వేరియబుల్ ఉంది. వేరియబుల్ అంటే కథ గుర్తుపెట్టుకునే ఒక అంకె. అది 30 లోపు ఉన్నంతకాలం విలన్ మనసులో హీరో "వాడు". 30 దాటితే "అతను". 70 దాటిందంటే "ఆయన వచ్చారు" అని కథనమే మారిపోతుంది. ఎక్కడా నేను వివరించను. చదివేవారికి ఒక పేజీలో హఠాత్తుగా "ఆయన" ఎదురవుతుంది. తమ శత్రువును తామే అలా పిలుస్తున్నామని గ్రహించిన క్షణం, ఎన్ని పోరాటాలు రాసినా రాని ఫలితం ఇస్తుంది. హీరో వైపు నుంచి ఇది తలకిందులుగా నడుస్తుంది: మొదట్లో "మీరు" అన్న మనిషి, ఆ ప్రాణం పోయిన రాత్రి తర్వాత "నువ్వు" అంటాడు. తూము పగలగొడుతూ కూడా హీరోను "అన్నా" అనే విలన్ దారి ఒకటి ఉంది. నేను రాసిన వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ దారి.

అపోహ: ప్రతి ఎంపికకూ ఒక కొత్త హీరో కావాలంటే లెక్కలేనన్ని కొమ్మలు రాయాలి.

లెక్క ఉంది. మూడేసి దారుల మలుపులు పది పెట్టి, ఏ కొమ్మనూ కలపకుండా రాస్తే 59,049 ముగింపులు అవుతాయి. ఒక జీవితం చాలదు.

దీనికి నమూనా మా దగ్గరి గొలుసుకట్టు చెరువుల్లో ఉంది. పై చెరువు నిండి మత్తడి, అంటే ఎక్కువైన నీరు పొర్లిపోయే గట్టు, దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. మత్తడి ఎత్తు వరకు ఎంత వాన పడినా కింద ఎవరికీ తెలియదు. వేరియబుల్‌ను కూడా చెరువులా చూడండి. చదివేవారు చేసిన చిన్న చిన్న పనులు అందులోకి చేరుతూ ఉంటాయి, వెంటనే ఏమీ జరగదు. ఒక హద్దు దాటాక పొంగి తర్వాతి అధ్యాయంలోని హీరో మీద పడతాయి. సన్నివేశాలు అవే, వాటిలో నిలబడిన మనిషి మారతాడు. నేను హీరోకు మూడు చెరువులే పెట్టుకుంటాను: విలన్ అంటే భయం, విలన్ మీద నమ్మకం, తన మీద తనకున్న అనుమానం. నాలుగోది పెట్టిన ప్రతిసారీ రెండు చెరువులు ఒకే నీటిని మోస్తున్నాయని తేలింది.

ఛాయిస్‌స్క్రిప్ట్ అనే సాధనంలో దీనికి పనికొచ్చే శాతపు లెక్క ఉంది. 50 ఉన్నచోట 20 శాతం పెంచితే 60 అవుతుంది, 90 ఉన్నచోట అదే 20 శాతం పెంచితే 92 మాత్రమే అవుతుంది, ఎందుకంటే నూరుకు మిగిలిన ఖాళీలోంచే అది పెరుగుతుంది. తగ్గేటప్పుడు ఉన్నదాంట్లోంచి పోతుంది: 90 నుంచి 20 శాతం తగ్గితే 72. పైకి వెళ్లేకొద్దీ పెరగడం నెమ్మది, పడటం వేగం. శత్రువు మీద కుదిరిన నమ్మకాన్ని లెక్కించడానికి నాకు ఇంతకంటే మంచి సూత్రం దొరకలేదు.

అపోహ: హీరో విలన్‌కు తలదన్నేవాడై ఉండాలి.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడన్న సామెత బలం గురించి. ఎప్పుడూ గెలిచే హీరో చదివేవారిని అలసిపోయేలా చేస్తాడు. ఓడిపోయి కూడా మరునాడు అదే చెరువు కట్ట మీద కనిపించే హీరో వారిని నిద్రపోనివ్వడు. అలాగే విలన్ ఓడిన చోట కథను ఆపేసి మొదటికి పంపకండి. ఓటమి తర్వాత కూడా ఒక దారి ఉండాలి, ఆ దారిలో హీరో మాట తీరు మారి ఉండాలి.

అపోహ: సూపర్‌హీరో మన నేలకు అతకడు.

మా చిందు యక్షగానం చూసినవారు ఈ మాట అనరు. కిరీటం, భుజకీర్తులు, ముఖం నిండా రంగు, తానెవరో తానే చాటుకుంటూ రంగస్థలం మీదకు వచ్చే రాక్షసరాజు, ఊరంతా అతనికోసం మేలుకుని ఉండటం, ఇవన్నీ మనకు కొత్త కాదు. ఒగ్గు కథలో ఒకే కళాకారుడు క్షణంలో దేవుడూ అవుతాడు, శత్రువూ అవుతాడు. మన హీరో పై అంతస్తు నుంచి ఎగిరి దూకనక్కరలేదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ ముందు మిర్చి బస్తాల మధ్య నిలబడి పేరు పెట్టి పిలిస్తే చాలు.

అపోహ: చివర్లో ఇద్దరూ కొట్టుకుని తీరాలి.

పోరాటం ఒక ఎంపికగా ఉండాలి, అది ఒక్కటే కాకూడదు. నా కథ చివరి సన్నివేశంలో వాన పడుతూ ఉంటుంది, ఇద్దరూ తూము దగ్గర ఉంటారు. నీళ్లు వదలడం, హీరోను నీటిలోకి లాగడం, వెళ్లిపోవడం, ఈ మూడు దారులు అందరికీ కనిపిస్తాయి. హీరో మీద గౌరవం 70 దాటినవారికి మాత్రమే ఇంకొకటి కనిపిస్తుంది: "ఆయనను అడుగు." దాన్ని నొక్కితే, ఎంత ఎత్తాలో ఆయన చెబుతారు. తూము మీద చేయి మాత్రం మీదే.