‘మనకి మహిళకు పడింది’ అనే మాట వెనక కథ

పంచాయతీ రిజర్వేషన్ల జాబితా వచ్చిన సాయంత్రం ఊళ్లో ఈ మాట తప్పకుండా వినపడుతుంది: "మనకి మహిళకు పడిందిరా." అంటే ఊరి సర్పంచ్ సీటు ఈసారి ఆడవాళ్లకే అని. ఆ సీటు కోసం నాలుగేళ్లుగా పెళ్లిళ్లకీ చావులకీ తిరిగి ఖర్చు పెట్టుకున్న మనిషి నోట్లోంచి వస్తే అందులో దిగులు కూడా ఉంటుంది. రాత్రికల్లా తేరుకుంటాడు. "సరేలే, మీ వదిన్ని నిలబెడదాం." వదినకి ఆ సంగతి మర్నాడు తెలుస్తుంది.

ఎలాగూ మొగుళ్లే నడుపుతారు, ఆడవాళ్లకెందుకీ పదవులు అనేవాళ్లు చాలామందే ఉన్నారు. నాకైతే తప్పు వదినది కాదు, పీటలు వేసిన తీరులోనే ఉందనిపిస్తుంది.

1957లో బల్వంత్ రాయ్ మెహతా కమిటీ పంచాయతీరాజ్‌కి నమూనా గీసినప్పుడు ఆడవాళ్ల కోసం చెప్పింది ఇంతే: బ్లాకు స్థాయి పంచాయతీ సమితిలో ఇద్దరిని కో-ఆప్ట్ చేసుకోండి, స్త్రీలూ పిల్లల పనుల మీద ఆసక్తి ఉన్నవాళ్లని. ఓటుతో గెలిచి రావడం కాదు, ఉన్నవాళ్లు పిలిచి కూర్చోబెట్టడం. ఎవరిని పిలుస్తారు? ఎదురు మాట్లాడనివాళ్లనే కదా. 1959లో నెహ్రూ షాద్‌నగర్ వచ్చి మన దగ్గర పంచాయతీరాజ్ మొదలుపెట్టాక కూడా చాలా ఏళ్లు అంతే. 1986లో ఎన్టీఆర్ మండలాలు తెచ్చి, మండలాధ్యక్ష పదవుల్లో 9 శాతం మహిళలకిచ్చారు. ఇవాళ చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, అప్పటికి అది కొత్త.

పంచాయతీల కోసం రాజీవ్ గాంధీ తెచ్చిన రాజ్యాంగ సవరణ బిల్లు 1989లో రాజ్యసభలో ఓడిపోయింది. పీవీ హయాంలో 73వ సవరణ గట్టెక్కి 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకొచ్చింది, ఆడవాళ్లకి మూడో వంతు సీట్లతో పాటు సర్పంచ్ పదవుల్లోనూ మూడో వంతు. ఢిల్లీలో ఇది నడుస్తున్న రోజుల్లోనే, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకోవడానికి చేరిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు, ఏడాది తిరిగేసరికి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. మన ఆడవాళ్లకి ఊరి సంగతులు తెలియవనేవాళ్లు దీన్ని సౌకర్యంగా మర్చిపోతారు.

1995లో సర్పంచ్ అయిన కర్నూలు జిల్లా కాల్వ గ్రామం ఫాతిమాబీ కూడా మొదట్లో భర్త చాటునే ఉన్నారు. పొదుపు సంఘాలు బలపడ్డాక పగ్గాలు తనే పట్టుకున్నారు, 1998లో ఐక్యరాజ్యసమితి అవార్డు దాకా వెళ్లారు. అంటే వెనక పదిమంది ఆడవాళ్లు కూడితే సంతకం పెట్టే మనిషి కాస్తా అడిగే మనిషి అవుతుంది.

ఇస్తూనే గుంజుకోవడం కూడా నడిచింది. రాష్ట్ర 1994 పంచాయతీరాజ్ చట్టంలోనే ఇద్దరు పిల్లల నిబంధన పెట్టారు, అంతకు మించి ఉంటే పోటీకి పనికిరారని. మగవాళ్లకీ వర్తిస్తుంది, నిజమే, కానీ కొడుకు కోసం మూడో కాన్పు అని ఇంట్లో నిర్ణయించేది ఎవరు? ఆంధ్రలో 2024 దాకా అది పోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013 ఎన్నికల నాటికి ఆడవాళ్ల వాటా మూడో వంతు నుంచి సగానికి పెరిగింది. కానీ తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్ పవర్‌ని, అంటే పంచాయతీ డబ్బు చెక్కుల మీద సంతకం పెట్టే అధికారాన్ని, సర్పంచ్‌కీ ఉపసర్పంచ్‌కీ కలిపి ఇచ్చింది. వార్డు మెంబర్లలోంచి ఎన్నికయ్యే ఉపసర్పంచ్‌కి రిజర్వేషన్ లేదు. సీటు మహిళకు పడిన ఊళ్లో పెద్దమనిషి వార్డు మెంబరుగా నిలబడి ఎటు చేరతాడో వేరే చెప్పాలా!

మొన్న 2025 మార్చిలో ఛత్తీస్‌గఢ్‌లోని పరస్వారాలో ఆరుగురు మహిళా మెంబర్ల బదులు వాళ్ల భర్తలు ప్రమాణం చేశారు. అంతకు నెల ముందే, భార్య పదవిని భర్త నడిపే ఈ ‘సర్పంచ్ పతి’ రోగం మీద కేంద్రం వేసిన కమిటీ నివేదిక ఇచ్చింది.

మా వైపు ఒక ఊళ్లో నేను చూసింది చెప్తాను. తీర్మానాల పుస్తకం పంచాయతీ నుంచి ఇంటికే వచ్చేది. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే సర్పంచ్‌గా ఉన్న ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుని అటెండర్ వేలు పెట్టిన చోటల్లా సంతకం చేసేది. ఒకసారి, "ఇందులో ఏముంది?" అనడిగింది. "సార్‌కి తెలుసమ్మా" అన్నాడు అటెండర్. సార్ అంటే ఆవిడ భర్తే. నాలుగో ఏడు వచ్చేసరికి పుస్తకం తన దగ్గరే ఉంచుకుని, రాత్రి కూతురి చేత చదివించుకుని, పొద్దున సంతకం పెట్టడం మొదలెట్టింది. రెండు బిల్లులు ఆపేసింది కూడా.

తర్వాతి జాబితాలో ఆ ఊరు జనరల్‌కి పడింది. ఈసారి సారే నిలబడ్డారు.